టెక్ సందేహాలు: బ్లాకర్ ఉన్నా ఫేస్‌బుక్‌లో ప్రకటనలెందుకు?

ప్రశ్న: ల్యాప్‌టాప్‌లో క్రోమ్‌కు యుబ్లాక్ ఆరిజిన్ అనే ప్రకటనల బ్లాకర్ పెట్టుకొని ఏళ్ల తరబడి ప్రకటనల బెడద లేకుండా ఫేస్‌బుక్ చూశాను. ఇప్పుడు మధురవాడ ఫ్లాట్లు, మోకాళ్ల నొప్పుల నూనెలు మళ్లీ వరుస కడుతున్నాయి. ఫోన్‌లో అయితే ఏ బ్లాకరూ పనిచేయడం లేదు. నా సెట్టింగుల్లో పొరపాటుందా?
– ఒక విశ్రాంత ఉద్యోగి, గాజువాక, విశాఖపట్నం

జవాబు: మీ సెట్టింగుల్లో పొరపాటేమీ ఉన్నట్టు లేదు. ఫేస్‌బుక్ చేసే మార్పులు కొన్ని, గూగుల్ చేసిన మార్పు ఒకటి, రెండూ కలిసి మీ మీద పడ్డాయి.

మామూలు వెబ్‌సైట్లలో ప్రకటనలు ఎక్కువగా వేరే సంస్థల సర్వర్ల నుంచి వస్తాయి కాబట్టి ఆ చిరునామాలను అడ్డుకుంటే సరిపోతుంది. ఫేస్‌బుక్‌లో మాత్రం మీ మేనల్లుడి పెళ్లి ఫొటోలు, ఫ్లాట్ల ప్రకటన రెండూ ఆ సంస్థ సొంత సర్వర్ల నుంచే వస్తాయి. చిరునామాను అడ్డుకుంటే పెళ్లి ఫొటోలూ కనిపించవు. అందువల్ల బ్లాకర్ పేజీ లోపలి కోడ్‌ను చదివి, ‘స్పాన్సర్డ్’ అనే గుర్తున్న పోస్టును పట్టుకొని దాచవలసి ఉంటుంది. బ్లాకర్లకు చిక్కకుండా డెస్క్‌టాప్‌లో ప్రకటనలు చూపుతామని 2016 ఆగస్టులో ఫేస్‌బుక్ ప్రకటించిన రెండు రోజులకే యాడ్‌బ్లాక్ ప్లస్ అనే మరో బ్లాకర్ వర్గం కొత్త ఫిల్టర్ (ప్రకటనలను గుర్తుపట్టే నియమం) తయారుచేసింది, ఫేస్‌బుక్ వెంటనే మళ్లీ కోడ్ మార్చింది. తర్వాత ఆ గుర్తునే ముక్కలు చేశారు: ఒక్కో అక్షరాన్ని కోడ్‌లోని ఒక్కో ట్యాగులో (విడి భాగంలో) పెట్టి, నడుమ కంటికి కనబడని అక్షరాలు చొప్పించారు. మనకది మామూలు పదంలాగే కనిపిస్తుంది కానీ, కోడ్ చదివే బ్లాకర్‌కు అర్థంలేని అక్షరాల గుంపుగా తోస్తుంది. ఇది ప్రకటన అని చూసేవారికి చెప్పక తప్పదు, బ్లాకర్‌కు మాత్రం తెలియనివ్వకూడదు. ఫేస్‌బుక్‌కు ఈ ఇరకాటం ఉన్నంతకాలం ఫిల్టర్లు రాసేవారికి ఏదో ఒక దారి దొరుకుతూనే ఉంటుంది. వారిలో చాలామంది పైసా తీసుకోకుండా ఈ పని చేస్తున్నారన్నది గమనించదగ్గ సంగతి.

ఇక గూగుల్ సంగతి. మానిఫెస్ట్ వీ3 అనే కొత్త నిబంధనల పేరుతో క్రోమ్ 2024 జూన్ నుంచి పాత తరహా ఎక్స్‌టెన్షన్లను (బ్రౌజర్‌కు జోడించుకునే చిన్న ప్రోగ్రాములను) దశలవారీగా తొలగిస్తూ వచ్చి, 2025లో పూర్తిగా ఆపివేసింది. యుబ్లాక్ ఆరిజిన్ అలాగే పోయింది. దాని స్థానంలో ఉన్న లైట్ వెర్షన్‌కు ఫిల్టర్ జాబితాలు ఎక్స్‌టెన్షన్ అప్‌డేట్‌తో పాటే రావాలి. తరచూ రూపం మార్చే ఫేస్‌బుక్ విషయంలో ఆ ఆలస్యమే చిక్కు. భద్రత కోసమే ఈ మార్పు అని గూగుల్ అంటోంది. ప్రకటనలతో బతికే సంస్థ బ్లాకర్ల హద్దులు నిర్ణయించడం మాత్రం నాకు మింగుడుపడదు.

మీరు ఫైర్‌ఫాక్స్‌కు మారండి. అందులో యుబ్లాక్ ఆరిజిన్ పూర్తి రూపంలో పనిచేస్తుంది. ప్రకటనలు మళ్లీ తలెత్తితే ఎక్స్‌టెన్షన్ డ్యాష్‌బోర్డు తెరిచి, ఫిల్టర్ జాబితాల్లో ‘అప్‌డేట్ నౌ’ నొక్కి, పేజీని మళ్లీ లోడ్ చేయండి. రెండో బ్లాకర్ జోడించవద్దు, ఒకదాని పనికి మరొకటి అడ్డుపడవచ్చు. ఫోన్ యాప్‌లోకి ఎక్స్‌టెన్షన్ చొరబడలేదు, ప్రకటనల చిరునామాలను ఫోన్ మొత్తానికి అడ్డుకునే ప్రైవేట్ డీఎన్ఎస్ పెట్టినా పైన చెప్పిన సర్వర్ల కారణంగా ఫలితం ఉండదు. ఆండ్రాయిడ్ ఫైర్‌ఫాక్స్‌లో యుబ్లాక్ వేసుకొని ఫేస్‌బుక్‌ను అందులోనే చూడటం మేలు. ‘ప్రకటనలు లేని ఫేస్‌బుక్’ అంటూ ఎవరో పంపే ఏపీకే ఫైళ్ల (ప్లే స్టోర్‌తో పనిలేకుండా ఆండ్రాయిడ్ యాప్‌ను ఎక్కించే ఫైళ్ల) జోలికి మాత్రం వెళ్లకండి, మీ పాస్‌వర్డ్ వారి చేతికి పోయే ప్రమాదం ఉంది.

ప్రశ్న: బ్లాకర్ తీసేయమంటూ యూట్యూబ్ వీడియోను ఆపేస్తోంది. బ్లాకర్ వాడటం తప్పా?
– ఒక విద్యార్థిని, ఎంవీపీ కాలనీ, విశాఖపట్నం

జవాబు: యూట్యూబ్ నిబంధనలకు విరుద్ధమని ఆ సంస్థే చెబుతోంది. 2023లో కొందరితో మొదలుపెట్టిన ఈ హెచ్చరికను ఆ ఏడాది చివరికి ప్రపంచమంతటా విస్తరించింది. మరోవైపు, మోసపు ప్రకటనల బారిన పడకుండా బ్లాకర్ వాడమని 2022 డిసెంబరులో అమెరికా దర్యాప్తు సంస్థ ఎఫ్‌బీఐయే సలహా ఇచ్చింది. కాబట్టి బయటి వెబ్‌సైట్లలో బ్లాకర్ ఉంచుకోండి. మీరు రోజూ పాఠాలు వినే చానెళ్ల ఆదాయం ప్రకటనల మీదే ఆధారపడి ఉంటే, యూట్యూబ్‌ను మినహాయింపు జాబితాలో చేర్చండి. ప్రీమియం చందా కట్టినా అందులో కొంత ఆ చానెళ్లకు చేరుతుంది.