వెన్న అనాలా, బటర్ అనాలా?

ప్రియ మిత్రమా,

చీజ్‌కేక్ కింద బిస్కెట్ పొడితో అడుగు పొర పరచడం గురించి మీరు పంపిన వ్యాసాన్ని రెండుసార్లు కూర్చుని చదివి, మూడోసారి వంటింట్లో నిలబడి, మీరు చెప్పింది చెప్పినట్లు చేసి చూశాను. ముక్క కోయగానే అడుగంతా పొడిపొడిగా రాలిపోయింది. మీ చేతికి బాగా తెలిసిన విషయాలు చాలావరకు కాగితం మీదికి రాలేదని అప్పుడు అర్థమైంది.

‘బిస్కెట్లు తగినన్ని’ అన్న చోటే ఆగిపోయాను. ఏ బిస్కెట్లు, ఎన్ని గ్రాములు? డైజెస్టివ్ బిస్కెట్‌లో కొవ్వు ఎక్కువ కనుక 200 గ్రాముల పొడికి 90 గ్రాముల బటర్ సరిపోతుంది. ప్రతి కిరాణా కొట్టులోనూ దొరికే మారీ అంతకంటే పొడి సరుకు, కాబట్టి అదే తూకానికి 110 గ్రాముల దాకా పీల్చుకుంటుంది. మీరు మారీతో చేశారని ఫొటోలో పక్కన పడి ఉన్న పొట్లం చూశాకే తెలిసింది. 1874లో ఒక రష్యా రాకుమారి వివాహం సందర్భంగా లండన్‌లో ఆ బిస్కెట్ పుట్టిన కథకు మాత్రం ఒక పేరా మొత్తం ఇచ్చారు. కథ ముచ్చటగానే ఉంది గానీ, అక్కడికి వచ్చేసరికి పాఠకురాలి పొయ్యి మీద బటర్ మాడుతూ ఉంటుంది. దాన్ని ఒక్క వాక్యానికి కుదించి, మిగిలిన చోటు తూకాలకు ఇవ్వండి.

ఇక ‘వెన్న’ అన్న మాట. ఈ పొరపాటు నేనూ చేశాను కనుక కొంచెం వివరంగా రాస్తున్నాను. చాలా ఏళ్ల కిందట ఇలాంటి వంటకంలోనే నేను ‘100 గ్రాముల వెన్న’ అని రాస్తే, ఒక పాఠకురాలు ఇంట్లో మీగడ చిలికి తీసిన తెల్లటి వెన్న వేసి, అడుగు నానిన అటుకుల ముద్దలా తయారైందని ఉత్తరం రాశారు. తప్పు ఆమెది కాదు. మన ఇళ్లలో వెన్న అంటే అదే. చిలికిన వెన్నలో మజ్జిగ నీరు ఎంత మిగిలి ఉంటుందో చెప్పలేం. మన దేశంలో అమ్మే పొట్లం బటర్‌లోనైతే కొవ్వు కనీసం 80 శాతం ఉండాలి, తేమ 16 శాతం మించకూడదు. కొవ్వు బిస్కెట్ పొడిని పట్టి ఉంచుతుంది, నీరు దాన్ని నానబెడుతుంది. అందుకే ఆనాటి నుంచి వంటకాల్లో నేను బటర్ అనే రాస్తున్నాను, భాషాభిమానులు కోప్పడినా సరే. అది ఉప్పు వేసిన బటరైతే, మీరు చివర్లో చేర్చిన చిటికెడు ఉప్పు కొట్టేయండి. నెయ్యి వాడవచ్చా అని ఎవరో ఒకరు అడగక మానరు. వాడవచ్చు, నీరు ఉండదు కాబట్టి 100 గ్రాముల బటర్ బదులు 80 గ్రాములు చాలు, కాకపోతే దాని వాసన చీజ్ రుచి మీద పెత్తనం చేస్తుంది.

‘మెత్తగా పొడి చేయాలి’ అన్నారు. ఆ మాట నమ్మి మిక్సీని ఆపకుండా తిప్పితే పొడి కాస్తా మైదాలా మారుతుంది, అదిమి చల్లబరిచాక చెంచా దిగదు. బొంబాయి రవ్వంత బరకగా ఉండాలని రాయండి. కరిగించిన బటర్ కలిపాక ‘తడి ఇసుకలా’ ఉండాలన్న పోలిక ఇంగ్లీషు వంట పుస్తకాల నుంచి వచ్చింది. సున్నుండలు చుట్టిన చేతులకు అంతకంటే దగ్గరి కొలత ఉంది. పిడికిట పట్టి నొక్కితే ఉండ నిలవాలి, వేలితో పొడిస్తే విరిగిపోవాలి. విరగకుండా వేలికి జిడ్డుగా అంటుకుంటే బటర్ ఎక్కువైనట్లు, ఉండే కట్టకపోతే తక్కువైనట్లు. టిన్‌లో పరిచాక అడుగు చదునుగా ఉన్న స్టీలు గ్లాసుతో అదమడం గురించి మీరు బాగానే రాశారు, అక్కడ నేను చేయి పెట్టను.

‘అరగంట పక్కన పెట్టండి’ అన్న వాక్యాన్ని మాత్రం తప్పక మార్చాలి. బటర్ 32 నుంచి 35 డిగ్రీల మధ్య కరిగిపోతుంది, మే నెలలో విజయవాడ వంటింట్లో అంతకంటే ఎక్కువ వేడి ఉంటుంది. అక్కడ అరగంట కాదు, రాత్రంతా పెట్టినా ఆ అడుగు గట్టిపడదు. ఓవెన్ లేనివారు ఫ్రిజ్‌లో కనీసం గంట ఉంచాలి. ఉన్నవారు 175 డిగ్రీల దగ్గర 8 నుంచి 10 నిమిషాలు కాల్చి, పూర్తిగా చల్లారనివ్వాలి; బిస్కెట్‌లోని చక్కెర కాస్త కరిగి, చల్లారేటప్పుడు మళ్లీ బిగుసుకోవడం వల్ల ఈ అడుగు కోతకు బాగా నిలుస్తుంది. ఈ కారణం కూడా రాస్తే, వేడి వేడి అడుగు మీద చీజ్ మిశ్రమం పోసే తొందర పాఠకులకు తగ్గుతుంది.

టిన్ కొలత ఎక్కడా ఇవ్వలేదు. నా దగ్గర ఉన్నది 20 సెంటీమీటర్లది, పైన చెప్పిన తూకాలన్నీ దానికే. తిరగరాసిన ప్రతి పంపండి, మళ్లీ చేసి చూస్తాను. మారీ పొట్లం ఇంకొకటి మిగిలే ఉంది.

శుభాకాంక్షలతో,
మీ శ్రేయోభిలాషి