పాత క్యాంపర్ వ్యాన్‌కు మరమ్మతా, కొత్త మోటార్‌హోమా?

ప్రశ్న: మాది కోరాపుట్ జిల్లా జయపురం. ఉపాధ్యాయుడిగా పనిచేసి విరమణ పొందాను. 2011 ఆగస్టులో సొంతానికి కొన్న టెంపో ట్రావెలర్‌లో తర్వాత పడక, గ్యాస్ పొయ్యి, నీళ్ల ట్యాంకు పెట్టించుకున్నాం. నేను, మా ఆవిడ ఏడాదికి నలభై రోజులు అందులో తిరుగుతాం. ఇప్పుడు మరమ్మతుకు రూ.3.80 లక్షలు అవుతుందన్నారు. ఉన్నదున్నట్టు ఇచ్చేస్తే రూ.2 లక్షలు ఇస్తామంటున్నారు. అన్ని వసతులున్న మోటార్‌హోమ్ రూ.26 లక్షలకు వస్తోంది. ఏడాదిన్నర క్రితం 8.2 శాతం వడ్డీకి సీనియర్ సిటిజన్ సేవింగ్స్ స్కీములో వేసిన రూ.20 లక్షలు, ఫిక్స్‌డ్ డిపాజిట్లలో ఉన్న రూ.9 లక్షల్లో రూ.6 లక్షలు తీసి కొందామనుకుంటున్నాను. పింఛను నెలకు రూ.42,000. మా ఆవిడకు మోకాళ్ల నొప్పులు, బండిలోనే మరుగుదొడ్డి కావాలంటోంది. ఏం చేయమంటారు?

జవాబు: మాస్టారూ, మీరు రూ.3.80 లక్షలను రూ.26 లక్షల పక్కన పెట్టి చూస్తున్నారు. ఆ రెండు అంకెలను పోల్చితే నిర్ణయం తేలదు. బండిలో గడిపే ఒక్కొక్క రోజు మీకు ఎంతకు పడుతుందో, ఆ డబ్బు ఏ ఖాతాలోంచి వస్తుందో చూడాలి.

ముందుగా మోటార్‌హోమ్ సంగతి. బీమా సంస్థలు బండి విలువ కట్టేటప్పుడు నాలుగేళ్లు దాటి ఐదేళ్లలోపు ఉన్న వాహనానికి 50 శాతం తరుగు తీసేస్తాయి. అదే కొలతగా తీసుకుంటే ఐదేళ్లలో రూ.13 లక్షలు, అంటే ఏడాదికి రూ.2.60 లక్షలు కరిగిపోతాయి. స్కీములోని రూ.20 లక్షల మీద ఏటా వచ్చే రూ.1.64 లక్షల వడ్డీ ఆగిపోతుంది. డిపాజిట్ మీద ఆరున్నర శాతం వడ్డీ అనుకుంటే మరో రూ.39,000 పోతుంది. మొత్తం రూ.4.63 లక్షలను నలభై రోజులకు పంచితే, డీజిలు, బీమా, పన్ను కలపకముందే రోజుకు రూ.11,500 దాటుతుంది.

పాత వ్యాన్‌కు మరమ్మతు ఖర్చు రూ.3.80 లక్షలు, వదులుకుంటున్న అమ్మకపు ధర రూ.2 లక్షలు కలిపి ఐదేళ్లకు పరిస్తే ఏడాదికి రూ.1.16 లక్షలు. మరమ్మతు సొమ్ముపై పోయే వడ్డీ రూ.25,000, అనుకోని పనులకు రూ.40,000 కలిపినా రోజుకు రూ.4,500 చిల్లర. ఐదేళ్ల తర్వాత బండి చేతికి పైసా తేదని అనుకుని వేసిన లెక్క ఇది.

ఈ తేడా కన్నా నన్ను ఎక్కువ కలవరపెడుతున్నది మీ సేవింగ్స్ స్కీము. ఆ ఖాతాలోంచి కొంత సొమ్ము తీసుకోవడం కుదరదు, మొత్తం మూసివేయవలసిందే. ఏడాది దాటి రెండేళ్లు నిండకముందు మూస్తే అసలులో 1.5 శాతం, అంటే మీకు రూ.30,000 కోత పడుతుంది. మూడు నెలలకోసారి అందుతున్న రూ.41,000 కూడా ఆగిపోయి, పింఛను ఒక్కటే మిగులుతుంది. జయపురం నుంచి వైద్యానికి విశాఖ వెళ్లవలసి వస్తే చేతిలో ఉండేది రూ.3 లక్షల డిపాజిట్ మాత్రమే. మోకాళ్ల చికిత్స ఎప్పుడైనా అవసరపడవచ్చు కనుక, బండి కోసం ఆ స్కీమును కదిలించవద్దని గట్టిగా చెబుతున్నాను.

అలాగని రూ.3.80 లక్షల అంచనాకు వెంటనే ఒప్పుకోవద్దు. మీ బండికి 2026 ఆగస్టుతో పదిహేనేళ్లు నిండి, రిజిస్ట్రేషన్ గడువు తీరుతుంది. ఢిల్లీ పరిసరాల్లో పదేళ్లు దాటిన డీజిలు బండ్లపై వచ్చిన ఆంక్షలు ఒడిశాకు వర్తించవు గానీ, రిజిస్ట్రేషన్‌ను మరో ఐదేళ్లకు పొడిగించుకోవాలంటే తనిఖీలో నెగ్గాలి. ఫారం 25 దరఖాస్తును గడువు ముగియడానికి 60 రోజుల ముందు నుంచి ఇవ్వవచ్చు. తేలికపాటి మోటారు వాహనానికి పొడిగింపు రుసుము 2022 ఏప్రిల్ నుంచి రూ.5,000. ఇంతకన్నా ముఖ్యంగా ఆర్‌సీ తీసి చూడండి. పడక, పొయ్యి బిగించిన మార్పు అందులో నమోదైందా? తయారీ సంస్థ నిర్దేశించిన మూలరూపానికి విరుద్ధమైన మార్పులను రిజిస్టర్ చేయకూడదని సుప్రీంకోర్టు 2019 జనవరిలో స్పష్టం చేసింది. నమోదు లేకపోతే తనిఖీలో అభ్యంతరం రావచ్చు, ప్రమాదం జరిగితే బీమా సంస్థ పేచీ పెట్టవచ్చు. వేటిని ఉంచవచ్చో, వేటిని విప్పాలో ఆర్‌టీవో కార్యాలయంలో తేల్చుకున్నాకే మరమ్మతుకు మొదటి రూపాయి పెట్టండి.

ఆ తర్వాత బండిని లిఫ్టు మీదికి ఎక్కించి చాసిస్ (బండి బరువు మోసే ఇనుప చట్రం), అడుగు రేకు ఎంత తుప్పు పట్టాయో చూపించుకోండి. సాలూరు మీకు దూరం కాదు. ఏళ్లుగా లారీల మీద బతుకుతున్న ఊరు కాబట్టి, చాసిస్ చూడగానే నిలుస్తుందో లేదో చెప్పగల మేస్త్రీలు అక్కడి షెడ్లలో దొరుకుతారు. సామానుకు ఎంత, లేబరుకు ఎంత అని విడివిడిగా రాయించి రెండో అంచనా తీసుకోండి. సుంకి ఘాట్ ఎక్కి దిగవలసిన బండి కనుక బ్రేకులు, స్టీరింగ్, కమాన్ కట్టలు, క్లచ్ ముందు వరుసలో ఉండాలి. ఇంజిన్ సిలిండర్లలో ఒత్తిడి నిలుస్తోందో లేదో చూసే కంప్రెషన్ పరీక్ష చేయించి, అవసరమని తేలితేనే సిలిండర్ల బోరు పనికి ఒప్పుకోండి. ఫ్రిజ్, సీలింగ్ అలంకారం, కొత్త సీటు కవర్లు ఈ ఏడాదికి ఆపవచ్చు.

మీ శ్రీమతిగారి కోరికను మాత్రం అలంకారాల పద్దులో వేయకండి. ఆమె సుఖంగా ఎక్కి దిగలేకపోతే ఈ ప్రయాణాలకు అర్థమే లేదు. తలుపు దగ్గర తక్కువ ఎత్తులో అదనపు మెట్టు, పట్టుకోవడానికి గట్టి కడ్డీ, తెర వెనుక పోర్టబుల్ టాయిలెట్ అమర్చితే ఆమె అవసరం చాలావరకు తీరుతుంది. ఇవి మోటార్‌హోమ్ ధరలో చిన్న వంతుకే వస్తాయి. వీటికి డబ్బు చాలకపోతే ఇంజిన్ పని ఆపైనా సరే, ముందు ఇవే చేయించండి. మొత్తం ఖర్చు రూ.3 లక్షలు దాటకుండా, డిపాజిట్ల నుంచే పెట్టుకోండి.

చాసిస్ పుచ్చిపోయిందని తేలితే మరమ్మతు ఆలోచనే మానుకుని, ఇస్తామంటున్న రూ.2 లక్షలు తీసుకోండి. ఆ బేరం తప్పిపోతే గుర్తింపు పొందిన తుక్కు కేంద్రానికి ఇచ్చి, బండిని తుక్కుకు అప్పగించినట్టు ఇచ్చే డిపాజిట్ సర్టిఫికెట్ తప్పకుండా అడిగి పుచ్చుకోండి. తర్వాత సొంత వాహనం కొన్నప్పుడు రోడ్డు పన్నులో 25 శాతం వరకు రాయితీకి అది ఉపయోగపడుతుంది. వెంటనే మోటార్‌హోమ్ కొనకుండా రెండు శీతాకాలాలు అద్దెకు తీసుకుని తిరగండి. అప్పటికి స్కీములో రెండేళ్లు దాటి కోత 1 శాతానికి దిగుతుంది, ఆ పెద్ద బండి మీ ఇద్దరికీ నప్పుతుందో లేదో కూడా తెలుస్తుంది. అప్పుడు విశాఖలోనో విజయనగరంలోనో వాడిన బండి చవకగా కనిపిస్తే, అక్కడి ఆర్‌టీవో ఇచ్చే ఎన్‌వోసీ (అభ్యంతరం లేదనే పత్రం), పన్నెండు నెలలు దాటి ఒడిశాలో ఉంచితే ఇక్కడ చేయించవలసిన రిజిస్ట్రేషన్, మళ్లీ కట్టవలసిన పన్ను ధరకు కలిపి చూసుకున్నాకే బయానా ఇవ్వండి.