వేళచ్చేరి మేడ మీద కలంకారీ: మేనకోడలికి ఉత్తరం

చిరంజీవి మేనకోడలికి ఆశీస్సులు.

ఆఫీసు వాళ్ళ కోసం చెయ్యబోయే కలంకారీ తెరకి నువ్వు పంపిన నమూనా చూశాను. ఆరడుగుల పొడవు, నాలుగడుగుల వెడల్పు, మధ్యలో నల్లటి పెద్ద వృత్తం, చుట్టూ ఎర్ర గీతలు, మిగతాదంతా ఖాళీ. నాకు నచ్చింది. దేవతామూర్తులు లేకపోతే కలంకారీ ఎలా అవుతుందని ఎవరన్నా అంటే పట్టించుకోకు. 17వ శతాబ్దంలోనే లండన్ కొనుగోలుదారులు మన అద్దకాల బట్టలకి ఎర్ర నేల (బొమ్మ చుట్టూ మిగిలే ఖాళీ) వద్దు, తెల్ల నేల ఎక్కువ ఉంచమని రాసి పంపేవాళ్ళు. అడిగేవాళ్ళని బట్టి బొమ్మ మారుతూనే వచ్చింది. అయితే నీ బొమ్మలో రెండు చోట్ల బట్ట నీ మాట వినదు.

మొదటిది ఆ నల్ల వృత్తం. నల్ల గీతలకి వాడే కసిమి రసంలో ఉండేది ఇనుము. కరక్కాయ వగరు తగలగానే నల్లబడుతుంది, కానీ ఆ ఇనుమే ఏళ్ళు గడిచేకొద్దీ నూలుని తినేస్తుంది. పాత తెరల్లో నల్ల గీతల వెంటే బట్ట చిట్లడం చూస్తాం. సన్నటి గీతకైతే ఫరవాలేదు గానీ, రెండడుగుల వృత్తాన్ని కసిమితో నింపితే అది కొన్నేళ్ళకి పొడిపొడిగా రాలిపోతుంది. దగ్గర దగ్గరగా గీతలు గీసి నలుపు తెప్పించు, లేదా నీలిమందు రెండు మూడు పూతలేసి అంచు మాత్రం కసిమితో గియ్యి. నా ఓటు గీతలకే. కలం నడిచిన తీరు కనపడుతుంది.

రెండోది ఆ గుండ్రం. కోరా గాడా, అంటే చలవ చెయ్యని ముతక నూలు బట్ట, ఉడికినప్పుడు పడుగు (పొడుగు దారాల) వైపు ఎక్కువగా, పేక (అడ్డ దారాల) వైపు తక్కువగా ముడుచుకుంటుంది. ముందే ముడిపించకుండా గీస్తే చివరికి నీకు మిగిలేది కోడిగుడ్డు. గోడౌన్ స్ట్రీట్‌లో కోరా గాడా రెండుంపావు మీటర్లు తీసుకో. రాత్రంతా నానబెట్టి, కుంకుడు రసంలో అరగంట ఉడికించి, జాడించి ఆరెయ్యి. ఆరిన బట్ట మీద నీటి చుక్క వేస్తే వెంటనే ఇంకాలి. పూసలా నిలబడితే గంజి పోలేదన్నమాట, మళ్ళీ ఉడికించు.

ఇక నీళ్ళు. చెన్నైలో ఈ పని చెడేది ఎక్కువగా ఇక్కడే. మీ బోరు నీళ్ళు గ్లాసులో పోసి చిటికెడు కరక్కాయ పొడి కలుపు. లేత పసుపుగా ఉంటే సరే. బూడిద రంగుకో నలుపుకో తిరిగితే అందులో ఇనుముంది, బట్ట మొత్తం మురికిగా మారుతుంది. అలాంటప్పుడు కరక్కాయ కలపడానికీ రంగు ఉడికించడానికీ పట్టి ఉంచిన వాన నీళ్ళు వాడు. సున్నం ఉన్న నీళ్ళంటే మాత్రం భయపడకు. ఎర్ర రంగునిచ్చే మంజిష్ఠ వేరుకి అది మేలే చేస్తుంది. బట్ట ఆరేసే తీగ, క్లిప్పుల స్ప్రింగు, బకెట్ పిడి దేనికి తుప్పున్నా కరక్కాయ బట్ట మీద నల్ల చుక్క పడుతుంది, అది మళ్ళీ పోదు. నైలాన్ తాడు కట్టుకో.

కసిమి ముందే మొదలుపెట్టు, మూడు వారాలు కావాలి. ఐదు లీటర్ల నీళ్ళు, అర కిలో బెల్లం, అర కిలో తుప్పు ఇనుప ముక్కలు మట్టికుండలో వేసి మూతి గుడ్డతో కట్టు. బిగుతు మూత పెట్టకు, లోపల గాలి పుడుతుంది. జింకు పూత ఉన్న మేకులు పనికిరావు. మొదట నురగ పొంగి తరవాత అణుగుతుంది. కరక్కాయ పట్టించిన పీలిక మీద గీసి చూడు. క్షణాల్లో నల్లబడితే తయారైనట్టు, బూడిదగా ఆగిపోతే ఇంకా ఆగాలి. వాడేముందు వడకట్టు.

కరక్కాయ, మంజిష్ఠ, పటిక మూడూ మైలాపూరు నాటుమందుల కొట్లలో దొరుకుతాయి. కడుక్కాయ్, మంజిట్టి, పడికారం అని అడుగు. గింజ తీసిన కరక్కాయ పొడి డెబ్భై ఐదు గ్రాములు ముప్పావు లీటరు నీళ్ళలో రెండు గంటలు నానేసి, వడకట్టి, ముప్పావు లీటరు గేదె పాలు కాచకుండా కలుపు. గేదె పాలు దొరక్కపోతే 6 శాతం కొవ్వున్న ఫుల్ క్రీమ్ ప్యాకెట్ తీసుకో. టోన్డ్ పాలతో సరిపెడితే గీత అంచులు పాకుతాయి, పాలల్లోని కొవ్వే వాటిని ఆపేది. బట్టని పావుగంట పిసికి, పిండి, మండుటెండలో ఆరెయ్యి, మధ్యలో రెండుసార్లు తలకిందులు చెయ్యి. లేకపోతే కారిన రసం కింది అంచున పసుపు పట్టీలా నిలిచిపోతుంది. అక్టోబరు నుంచి డిసెంబరు దాకా చెన్నైలో ఈ పని పెట్టుకోకు. పాల బట్ట ఆరక బూజు పడుతుంది.

గీయడానికి చింతపుల్ల బొగ్గు, ఆపైన వెదురు కలం. మొనకి అంగుళం పైన ఉన్ని చుట్టి నూలుదారంతో కట్టి, ఆ ఉన్నిని వేళ్ళతో మెల్లగా నొక్కుతూ గియ్యి. కసిమిలో నిండా ముంచిన కలాన్ని ముందు పాత గుడ్డ మీద ఓసారి ఆనించు, మొదటి బొట్టు అక్కడే పడిపోతుంది.

ఎరుపు రావాల్సిన చోట పటిక నీళ్ళు పెట్టాలి. లీటరు వేడినీళ్ళకి వంద గ్రాములు. ఎక్కడ పెట్టావో కనపడాలంటే కాస్త మంజిష్ఠ రసం కలుపు. ఒక రోజంతా ఆరనిచ్చాక కడగాలి. నీకు కష్టమయ్యేది ఇదే. శ్రీకాళహస్తిలో స్వర్ణముఖి పారే నీళ్ళలో కడిగితే మిగులు పటిక కొట్టుకుపోయేది. నువ్వు బకెట్లో ముంచావంటే ఆ పటిక వచ్చి ఖాళీ నేలకి అంటుకుంటుంది, ఉడికించాక నీ తెల్ల నేలంతా గులాబీ రంగు. మేడ మీద ఏటవాలుగా పలక వేసి, బట్ట దాని మీద పరిచి, పైనుంచి గొట్టంతో నీళ్ళు వదులు. ఒకరు పట్టుకుంటే ఒకరు వదలాలి. కిందికి జారే నీళ్ళు చప్పరిస్తే వగరు తగలకూడదు, అప్పటిదాకా ఆపకు.

ఉడికించడానికి స్టీలు లేదా రాగి డేగిసా, ముప్ఫై లీటర్లది. ఇనుము, అల్యూమినియం వద్దు. మూడు వందల గ్రాముల మంజిష్ఠ రాత్రి నానేసి, గుడ్డలో మూటగట్టి నీళ్ళలో వెయ్యి. బట్ట చల్లటి నీళ్ళలోనే దించి, గంటసేపు నెమ్మదిగా వేడి పెంచు. కర్రతో తిప్పుతూనే ఉండాలి. పైకి తేలిన చోట ఎరుపు పాలిపోతుంది, తెర్లితే గోధుమరంగుకి తిరుగుతుంది. నేల కాస్త ఎర్రబారినా దిగులు పడకు. తడి చేస్తూ రెండు మూడు రోజులు ఎండలో పరిస్తే తేటపడుతుంది. ఊళ్ళో పేడనీళ్ళలో నానేస్తారు, మీ అపార్ట్‌మెంటులో ఒప్పుకోరులే.

పసుపు రంగు కావాలంటే దానిమ్మ తొక్క. వంటింటి పసుపు వద్దు, ఎండకి నిలవదు. గోడకి తగిలించేటప్పుడు పడమటి కిటికీకి ఎదురుగా పెట్టకు. పై అంచున గొట్టంలా కుట్టి కర్ర దూర్చి, గోడకి అంగుళం ఎడంగా వేలాడదియ్యి. అద్దం బిగిస్తే చెన్నై ఉక్కకి లోపల చెమ్మ చేరుతుంది.

ఇదంతా ఒక్కదానివే చెయ్యలేననుకుంటే గీత శ్రీకాళహస్తిలో వేయించుకో. తిరువాన్మియూరు కళాక్షేత్రలోనూ కలంకారీ విభాగం ఉంది, ముందు వెళ్ళి పని చూడు. కళాకారుడికి అసలు కొలతలోనే గీసిన కాగితం ఇవ్వు, కంప్యూటర్ రంగుల పట్టీ ఇవ్వకు. చెట్టు రంగు దానికి సరిపోలదు, గొడవలే మిగులుతాయి. చదరపు అడుగుల లెక్కన బేరమాడకు. నీ బొమ్మలో ఖాళీ ఎక్కువ, కానీ ఆ ఖాళీని శుభ్రంగా ఉంచడమే అసలు శ్రమ. సగం ముందే ఇచ్చి, మిగతాది ఉడికించాక బట్ట చూసి ఇవ్వు. కింది మూలలో నీ పేరు పక్కన ఆయన పేరు కూడా ఉంటుందని ఆఫీసు వాళ్ళతో ఇప్పుడే కాగితం మీద రాయించుకో.

ఇట్లు,
మీ అత్తయ్య