ఎవరికీ అర్థం కాని ప్రోగ్రాం రాసే అబ్బాయి

ప్రశ్న: మాది పర్లాకిమిడి. బజారులో బట్టల దుకాణం ఉంది. మా అబ్బాయి కంప్యూటర్ సైన్స్‌లో బీటెక్ రెండో సంవత్సరం చదువుతున్నాడు. ఆరు నెలలుగా రాత్రిళ్లు మేలుకొని, ఎవరికీ అర్థం కాకుండా కావాలనే సి అనే కంప్యూటర్ భాషలో ప్రోగ్రాములు రాస్తున్నాడు. ఒకదాన్ని జగన్నాథ రథం ఆకారంలో రాశాడు, ప్రింటవుట్ జతపరిచాను. వాళ్ల లెక్చరర్ అది చెత్త అన్నారట. పోయిన వారం లాప్‌టాప్ తీసుకొని దుకాణం బీరువాలో పెట్టాను. మా తోడల్లుడి కొడుకు హైదరాబాదులో డేటా సైన్స్ కోర్సు చేస్తున్నాడు. మా వాణ్ణి కూడా అందులో చేర్చమంటారా? రెండింటినీ పోల్చి చెప్పగలరు.

జవాబు: ముందు లాప్‌టాప్‌ను బీరువాలోంచి తీసి అబ్బాయికి ఇచ్చేయండి. మిగతా మాటలు ఆ తర్వాత మాట్లాడుకుందాం.

బరంపురం, గుణుపురం, రాయగడల నుంచి కూడా ఇలాంటి ఉత్తరాలు నాకు తరచుగా వస్తుంటాయి. దుకాణంలో సాయంత్రానికి గల్లా చూస్తే ఆ రోజు పని ఎంత జరిగిందో మీకు తెలిసిపోతుంది. అబ్బాయి రాత్రంతా కూర్చొని చేసినది పనో, ఆటో తేల్చుకునే గల్లా పెట్టె మీ దగ్గర లేదు. మీ ఆందోళనంతా అక్కడే ఉందని నాకు అనిపించింది.

ఆ పని మీ అబ్బాయికి మాత్రమే పట్టిన పిచ్చి కాదు. సి భాషలో కావాలని చిక్కుపరచిన ప్రోగ్రాములకు 1984లో లాండన్ నోల్, లారీ బాసెల్ అనే ఇద్దరు ప్రోగ్రామర్లు ఒక అంతర్జాతీయ పోటీ మొదలుపెట్టారు. స్టీవ్ బోర్న్ అనే నిపుణుడు యూనిక్స్ షెల్‌ను (మనం టైపు చేసిన ఆదేశాలను కంప్యూటర్ చేత చేయించే ప్రోగ్రాంను) రాసేటప్పుడు, మాక్రోల (ఒక మాటకు బదులు మరో మాట వాడుకునే సౌకర్యం) సాయంతో సి భాషను ఆల్గాల్ అనే మరో భాషలా కనిపించేటట్లు మార్చేయగా, ఆ కోడ్ చదివి తల పట్టుకున్న అనుభవమే ఈ పోటీకి ఒక కారణం. 2001లో అందులో గెలిచిన ఫాబ్రిస్ బెల్లార్డ్ రాసినది ఒక బుల్లి సి కంపైలర్, అంటే సి ప్రోగ్రాంను యంత్రానికి అర్థమయ్యే రూపంలోకి మార్చే ప్రోగ్రాం. వీడియోలను మార్చడానికి లోకమంతా వాడే ఎఫ్ఎఫ్ఎంపెగ్‌ను మొదలుపెట్టిన వ్యక్తి కూడా ఆయనే. మీ అబ్బాయి అంతటివాడవుతాడని నేను హామీ ఇవ్వడం లేదు, ఆ దారిలో నడిచినవాళ్లంతా సోమరులు కారని మాత్రమే చెబుతున్నాను.

లెక్చరర్ గారి మాట సగం నిజం. ఉద్యోగంలో ఇలా రాస్తే ఆ కోడ్ చెత్తే, ఆ పోటీ కూడా మంచి శైలి ఎందుకు అవసరమో వ్యంగ్యంగా చూపించడం తన ఉద్దేశాల్లో ఒకటని చెప్పుకుంటుంది. కానీ మన పరీక్ష పేపర్లలో ఐ విలువను ఒకటి పెంచే ఐ ప్లస్ ప్లస్, ప్లస్ ప్లస్ ఐ అనే రెండు రూపాలనూ ఒకే వాక్యంలో కలిపి విలువ ఎంతని అడుగుతారు. దానికి ఫలితం ఇదని సి ప్రమాణం, అంటే ఆ భాష నియమాల పుస్తకం, నిర్ణయించనే లేదు. ఆ ప్రశ్నను చెత్త అన్నవారిని నేనింతవరకు చూడలేదు.

మీరు పంపిన రథాన్ని టైపు చేసి నడిపి చూశాను. ఏ సంవత్సరం ఇస్తే ఆ సంవత్సరం క్యాలెండర్ అచ్చవుతోంది. ఎడమ చక్రంలో అర్రే (వరుసగా పేర్చిన విలువల పట్టిక) పేరు రాసి బ్రాకెట్లో 3 వేయవలసిన చోట, 3 రాసి బ్రాకెట్లో అర్రే పేరు వేశాడు. సి భాష ఆ రెంటినీ కూడిక గానే చూస్తుంది కనుక ఎటు రాసినా అదే ఫలితం వస్తుంది. పాయింటర్లు (మెమరీలోని చిరునామాలు) నిజంగా తలకెక్కినవాడికే ఈ కొంటెతనం తోస్తుంది. కుడి చక్రంలో, ప్రోగ్రాం మొదలయ్యే భాగమైన మెయిన్ ఫంక్షన్ తనను తానే పిలుచుకుంటోంది, ఇది సి ఒప్పుకుంటుంది, సి ప్లస్ ప్లస్ భాష ఒప్పుకోదు. అయితే లీప్ సంవత్సరం లెక్కలో 4తో భాగించి ఊరుకున్నాడు, 100తో భాగింపబడే సంవత్సరం 400తో కూడా భాగింపబడితేనే లీప్ అన్న సంగతి మరిచాడు. ఫలితంగా 1900 ఫిబ్రవరికి 29 రోజులు వచ్చాయి. శుభ్రంగా రాసి ఉంటే ఆ తప్పు తన కంట పడేది. ఇతరులకు కనబడకుండా దాచబోయి తనకే కనబడకుండా దాచుకున్నాడు.

అందువల్ల అబ్బాయికి ఒక షరతు పెట్టండి. ప్రతి చిక్కు ప్రోగ్రాం పక్కన అదే పని చేసే శుభ్రమైన ప్రోగ్రాం, ఏ మెలిక ఎందుకు పని చేస్తుందో వివరించే ఒక పేజీ ఉండాలి. ఇంటర్వ్యూలో ముందు ఆ శుభ్రమైనదాన్నే చూపించాలి, వాళ్లు అడిగితేనే రథాన్ని బయటికి తీయాలి.

ఇక డేటా సైన్స్. ఆ రంగాన్ని నేను తప్పుపట్టడం లేదు; మూడు నెలల్లో ఆ రంగంలో నిలబెడతామనే కోర్సుల మీదే నాకు అనుమానం. లీనియర్ ఆల్జీబ్రా, సంభావ్యత గట్టిగా రాని పిల్లవాడు అక్కడ నేర్చుకునేది, ఇతరులు పైథాన్ భాషలో రాసిన నాలుగు వరుసలను తిరిగి నడపడమే. పైగా ఎక్కువమంది వాడే పైథాన్ స్వయంగా సి భాషలో రాసినదే, అందులో లెక్కలు చేసే నంపై (NumPy) అనే లైబ్రరీ లోపలి భాగం కూడా అంతే. మీ అబ్బాయి ఇప్పుడు ఆ పునాదిలోనే తవ్వుతున్నాడు. తోడల్లుడి ఇంట్లో ఏం జరుగుతోందో చూసి మన పిల్లల చదువు నిర్ణయించడం ఎంతవరకు సబబో మీరే ఆలోచించండి. అన్నప్రాశన రోజునే ఆవకాయ పెట్టమని అడిగినట్లుంది మీ తొందర. మూడో సంవత్సరంలో గణితం మీద తనకే మక్కువ పుడితే, అప్పుడు ఆ కోర్సు గురించి తనే మీతో మాట్లాడతాడు.

పోల్చి చెప్పమన్నారు కనుక ఒక్క మాట. వాహనాలలోని చిప్‌లకు ప్రోగ్రాములు రాసే ఎంబెడెడ్ రంగంలోనూ, వైరస్‌లను విప్పి చూసే సైబర్ భద్రతలోనూ ఇటువంటి బుర్రలకు చోటుంది. వైరస్ రాసేవాళ్లు తమ కోడ్‌ను కావాలనే చిక్కుపరుస్తారు, దాన్ని విప్పేవాడికి ముడి వేయడం తెలిసి ఉంటే మేలు. ఆ ఉద్యోగాలు మన ప్రాంతపు కాలేజీలకు వెతుక్కుంటూ రావు, మనమే వెతుక్కుంటూ వెళ్లాలి. మొదటి ఉద్యోగం సర్వీసు కంపెనీలో దొరికినా కంగారుపడవలసినది లేదు.

ఒక సాయంత్రం గిరాకీ తగ్గాక అబ్బాయిని దుకాణంలో కూర్చోబెట్టుకొని, ఆ ఎడమ చక్రం ఎలా తిరుగుతుందో చెప్పమని అడగండి. అర్థం కాకపోయినా వినండి. తర్వాత 1900 అని కొట్టి చూడమనండి, ఎందుకో మాత్రం చెప్పకండి.