సెట్టు తర్వాత కొందువు, ముందు విను

ప్రశ్న: ఆన్‌లైన్‌లో బావోఫెంగ్ వాకీటాకీ చవగ్గా కనపడింది. భూపాలపల్లి దగ్గర మా బాబాయి పొలంలో ఫోన్ సిగ్నల్ ఉండదు. దాంతో ఇక్కడి నుంచి ఆయనతో మాట్లాడొచ్చా? హామ్ రేడియో (లైసెన్స్ తీసుకుని సరదాకి నడిపే రేడియో) మొదలుపెట్టాలంటే ఇదే కొనాలా?
– ఇంజనీరింగ్ రెండో సంవత్సరం, హనుమకొండ

జవాబు: తమ్ముడూ, కార్ట్‌లో పెట్టి ఉంటే ముందు తీసెయ్. సెట్టు బాగుండదని కాదు, లైసెన్స్ లేకుండా దగ్గర పెట్టుకోవడమే నేరం, పైగా అది హామ్‌లకిచ్చిన 144–146 మెగాహెర్ట్జ్ దాటి వేరేవాళ్ల ఫ్రీక్వెన్సీల్లోకీ దూరుతుంది, పొరపాటున బటన్ నొక్కితే సంజాయిషీ నువ్వే చెప్పుకోవాలి. ఇక బాబాయి సంగతి. 5 వాట్ల హ్యాండ్‌సెట్ తరంగం దాదాపు చూపు మేరకే పోతుంది. పద్మాక్షి గుట్టెక్కి మాట్లాడితే ఊరంతా వినపడొచ్చేమో గానీ ఆ పొలం దాకా పోదు. పోయినా, ఆయనకీ లైసెన్స్ ఉండాలి. పత్తి బేరాలు అసలే మాట్లాడొద్దు, వ్యాపారానికి వాడకూడదన్నది గట్టి రూలు.

దూరం కావాలంటే షార్ట్‌వేవ్. 7 మెగాహెర్ట్జ్ తరంగం ఆకాశంలో పై పొర అయిన అయనోస్ఫియర్‌లో వంగి ఎక్కడో వందల కిలోమీటర్ల అవతల దిగుతుంది. 2004 సునామీకి అండమాన్‌లో ఫోన్లు మూగబోతే, అప్పటికే పోర్ట్ బ్లెయిర్‌లో హామ్ స్టేషన్ నడుపుతున్న భారతి ప్రసాద్ బృందం బయటికి కబుర్లు చేరవేసింది.

పైసా పెట్టకుండా ఈ రాత్రే వినొచ్చు. నెదర్లాండ్స్‌లో ట్వెంటె యూనివర్సిటీ వాళ్లు నెట్‌లో ఎవరైనా వినేలా పెట్టిన రేడియో వెబ్‌ఎస్‌డీఆర్ బ్రౌజర్‌లో తెరిచి, 7.1 దగ్గర మెల్లగా తిప్పు. ఎల్‌ఎస్‌బీ (ఇక్కడ హామ్‌లు గొంతు పంపే పద్ధతి) నొక్కడం మర్చిపోకు, లేకపోతే ఎవరో ముక్కు మూసుకుని గొణిగినట్టుంటుంది. నెల రోజులు విన్నా బోర్ కొట్టకపోతే పరీక్షకి చదువు. 12 ఏళ్లు నిండితే చాలు, దరఖాస్తు కేంద్ర టెలికాం శాఖ వాళ్ల సరళ్ సంచార్ పోర్టల్‌లో. మొదటి మెట్టు లైసెన్స్ అయిన రెస్ట్రిక్టెడ్ గ్రేడ్‌కి మోర్స్ (చుక్కలు, గీతల సంకేత భాష) అక్కర్లేదు, కొంచెం రేడియో థియరీ, కొన్ని నిబంధనలు, అంతే. నీకిది సెమిస్టర్ పరీక్ష కన్నా తేలిక. పై మెట్టు జనరల్‌కి నిమిషానికి 8 మాటల మోర్స్ రావాలి, తర్వాత చూసుకోవచ్చు. హైదరాబాద్ సోమాజిగూడలో 1983 నుంచి ఉన్న నేషనల్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ అమెచ్యూర్ రేడియోలో శిక్షణ ఉంటుంది, అడిగి చూడు.

రేపు సొంత రేడియో కొన్నాక గరగర తప్ప ఏమీ రాకపోతే యాంటెన్నాని తిట్టకు. మా ఇంట్లో అసలు దొంగ వరండాలోని ఎల్‌ఈడీ బల్బు. అది కూడా కరెంటు పోయిన రాత్రి, బ్యాటరీ మీద రేడియో ఒక్కసారిగా తేటగా పలికితేనే తెలిసింది.