జైసల్మేర్‌కు రాత్రి రైలు మేలా, రోడ్డు మేలా?

జోధ్‌పూర్ నుంచి జైసల్మేర్ దాకా దారంతా ఇసుకే కదా, రాత్రి రైలెక్కి నిద్రపోతే పోలా అని అడిగారు. పోదు. పగటిపూట రోడ్డు మీదే వెళ్లండి. చేతిలో ఇంకో రోజుంటే అది కూడా ఆ దారికే ఇచ్చేయండి.

1997 డిసెంబరులో నాకు ఇరవై నాలుగేళ్లు. నేనూ, నాతో చదువుకున్న స్నేహితుడూ ఒక పాత డీజిల్ జీపులో బయల్దేరాం. జైసల్మేర్ సుమారు 280 కిలోమీటర్లు. ఒక్క పూటలో అయిపోయే ఆ దూరానికి మాకు రెండు రోజులు పట్టింది. బుద్ధి పుట్టిన చోటల్లా ఆగాం మరి.

థార్ ఎడారి అంటే ఇసుక దిబ్బలే అనుకుని వెళ్లాను. నిజానికి చాలా దూరం గట్టి నేల, గడ్డి దుబ్బులు, తుప్పలే. పోఖ్రాన్ ఇంకా రాకముందు ఒక చెట్టు కింద ఆగితే, మావాడు ఆకు తుంచి చూసి "ఒరేయ్, ఇది మన జమ్మిరా!" అన్నాడు. అక్కడ ఖేజ్రీ అంటారు. చలికాలంలో దాని కొమ్మలు కొట్టి మేకలకు, ఒంటెలకు మేత వేస్తారు. దారి పొడవునా కనిపించిన మోడులు ఎండిపోయినవి కావని అప్పుడు అర్థమైంది. పక్కనే జిల్లేడు. పరాయి చోటికి వచ్చామన్న బెరుకు ఆ చెట్టు కిందే పోయింది నాకు. ఆ తర్వాత అయిదు నెలలకు, 1998 మేలో, అణుపరీక్షల వార్తల్లో పోఖ్రాన్ పేరు విన్నప్పుడు కూడా నాకు ముందు ఆ నీడే గుర్తొచ్చింది.

జైసల్మేర్ కోట గురించి అందరూ చెబుతారు, నేను వదిలేస్తున్నా. అక్కడి నుంచి ఖూరీ అనే ఊరి వైపు వెళ్తూ జీపు ఇసుకలో దిగబడింది. యాక్సిలరేటర్ తొక్కేకొద్దీ చక్రాలు ఇంకా లోపలికి పోయాయి. బాగా టెన్షన్ పడ్డాం. ఒంటెలు తోలుకొస్తున్న ఒక పెద్దాయన టైరు చూపించి, రెండు వేళ్లతో వాల్వు నొక్కినట్టు సైగ చేశాడు. గాలి కొంత తీస్తే టైరు వెడల్పుగా పరుచుకుని ఇసుక మీద నిలుస్తుంది. మెల్లగా బయటపడ్డాం. మీరు ఇసుకలోకి దిగేలా ఉంటే గాలి కొట్టే పంపు తప్పకుండా దగ్గర పెట్టుకోండి.

మర్నాడు తెల్లవారాక దిబ్బ ఎక్కాం. రాత్రి గాలికి ఇసుక మీద అలలు తేరి ఉన్నాయి. వాటి మీదుగా ఏదో పురుగు నడిచిన జాడ, సూదితో కుట్టు వేసినట్టు రెండు వరుసల చుక్కలు. వంగి దాని వెంటే నడిచాం. ఒక గడ్డి దుబ్బు మొదట్లో, పెన్సిల్ పట్టేంత కన్నం దగ్గర ఆగిపోయింది. చుట్టూ ఏ చప్పుడూ లేదు. మా ఊపిరి మాకే వినిపించింది.

బార్మేర్ రోడ్డులో, జైసల్మేర్‌కు 17 కిలోమీటర్ల దూరంలో ఆకల్ ఉంది. దాన్ని మాత్రం వదలకండి. సుమారు 18 కోట్ల ఏళ్ల నాటి చెట్ల మానులు రాయిగా మారి నేల మీద పడి ఉన్నాయి. దగ్గరికెళ్లి చూస్తే చెక్క నార గీతలు కూడా తెలుస్తాయి. అక్కడ ఒకప్పుడు అడవి ఉండేదని చదవడం వేరు, ఆ మాను ముందు నిలబడటం వేరు.

నవంబరు, ఫిబ్రవరి మధ్య వెళ్లండి. పొడి గాలి, మబ్బులేని ఆకాశం కాబట్టి పొద్దు గూకగానే వేడంతా పోతుంది. స్వెటర్ మర్చిపోవద్దు. జైసల్మేర్ దాటేముందు ట్యాంకు నింపుకోండి. రాత్రి రైలు ఎక్కాలనిపిస్తే తిరుగు ప్రయాణంలో ఎక్కండి.