తాత్పర్యం దగ్గర ఆగిపోతున్నావు, అంతే

ప్రశ్న: నమస్కారం మేడమ్. మా అమ్మ ప్రతిసారీ మీ పేజీ చదువుతుంది, అందుకే ధైర్యం చేసి రాస్తున్నాను. ఎనిమిదో తరగతి వరకు గుంటూరు దగ్గర తెలుగు మీడియంలో చదివాను. నాన్న ఉద్యోగం వల్ల న్యూజెర్సీ వచ్చాం, ఇప్పుడు పన్నెండో తరగతి. అడ్వాన్స్‌డ్ ప్లేస్‌మెంట్ అని, స్కూల్లోనే కాలేజీ స్థాయిలో చెప్పే ఇంగ్లీషు సాహిత్యం కోర్సు తీసుకున్నాను. ఒక్కో పేజీకి ఇరవై నిమిషాలు పడుతోంది, ప్రతి మాటకీ ఫోన్లో అర్థం చూసుకుంటాను. క్లాసులో అందరూ చేతులెత్తి మాట్లాడుతుంటే నేను తల దించుకుని కూర్చుంటాను. పోయిన వారం షేక్స్పియర్ నాటకం హామ్లెట్ మీద నలభై నిమిషాల్లో రాసిన వ్యాసానికి ఆరుకి రెండు వచ్చాయి, ‘కథ చెప్పావు, విశ్లేషణ లేదు’ అని టీచర్ రాశారు. ఇంకోపక్క కాలేజీ అప్లికేషన్లు. రాత్రి రెండింటి దాకా మేలుకుంటున్నాను. ‘కంప్యూటర్ సైన్స్ చదివేదానికి ఈ గోల ఎందుకే, వదిలెయ్’ అంటున్నారు ఇంట్లో. నాకు వదలాలని లేదు. బాత్రూంలో కుళాయి తిప్పి ఏడుస్తున్నాను. ఏం చేయను?
– పేరు వద్దన్న పాఠకురాలు, న్యూజెర్సీ

జవాబు: అమ్మలూ, ‘నాకు వదలాలని లేదు’ అని రాశావు చూడు, నీ ఉత్తరంలో నేను మళ్లీ మళ్లీ చదివిన వాక్యం అదే. వదలొద్దు. ముప్పై ఏళ్లు జూనియర్ కాలేజీలో ఇంగ్లీషు చెప్పినదాన్ని, మా మనవరాలు కూడా అక్కడే ఇదే కోర్సు చదివింది, కాబట్టి ఊరికే ధైర్యం చెప్పడానికి అంటున్న మాట కాదిది.

ముందు మీ టీచర్ రాసిన మాట చూద్దాం. తెలుగు క్లాసులో పద్యం ఎలా చదివావో గుర్తుందా? పద్యం అప్పజెప్పడం, ప్రతిపదార్థం, ఆ తర్వాత తాత్పర్యం. పరీక్షలో అక్కడికి పూర్తి మార్కులు వచ్చేవి. కానీ పాత వ్యాఖ్యానాల్లో తాత్పర్యం కింద ఇంకొకటి ఉండేది, విశేషం అని. కవి ఈ మాటే ఎందుకు వాడాడు, ఇది ముందు చెప్పి అది తర్వాత ఎందుకు చెప్పాడు అనేది అందులో రాసేవారు. నువ్వు హామ్లెట్‌కి తాత్పర్యం రాసి వచ్చావు, మీ టీచర్ విశేషం అడుగుతున్నారు. ఇంగ్లీషు రాకపోవడానికీ దీనికీ సంబంధమే లేదు.

గజేంద్ర మోక్షంలో ‘లావొక్కింతయు లేదు’ పద్యం నీకు వచ్చే ఉంటుంది. బలం లేదు, ధైర్యం సడలింది, ప్రాణాలు చోటు తప్పాయి, మూర్ఛ వస్తోంది, ఒళ్లు అలిసిపోయింది, నువ్వు తప్ప నాకు దిక్కు లేదు అంటుంది ఏనుగు. ఇది తాత్పర్యం. ఇప్పుడు విశేషం చూడు. ముందు పోయింది లావు, అంటే బలం, ధైర్యం కూడా దాని తర్వాతే. ఏనుగుకి ఉన్న గర్వమంతా ఆ బలమే కదా, పోగొట్టుకున్నవాటి లెక్క పోతన అక్కడి నుంచే మొదలుపెట్టాడు. పైగా వాక్యాలన్నీ చిన్న చిన్న ముక్కలు, ఊపిరందని వాళ్లు మాట్లాడినట్టు. నీ కోర్సు అడిగేది సరిగ్గా ఇదే.

ఇదే పని హామ్లెట్ మీద చేద్దాం. నాటకంలో మొట్టమొదటి మాటే ఒక ప్రశ్న, ‘ఎవరక్కడ?’ అని. అర్ధరాత్రి, చలి, కోట మీద కాపలా. కాపలాలో ఉన్నవాడు అడగాలి, వచ్చేవాడు చెప్పాలి, అది పద్ధతి. ఇక్కడ అడిగింది కాపలా మారడానికి వస్తున్న బెర్నార్డో. కాపలాలో ఉన్న ఫ్రాన్సిస్కో, కాదు, ముందు నువ్వు చెప్పు అంటాడు. ఎందుకిలా తిరగబడింది? రాజు చనిపోయి ఎక్కువ రోజులు కాలేదు, రెండు రాత్రులు దెయ్యం కనబడింది, ఎవరు ఎవరో ఎవరికీ నమ్మకం లేదు. నాటకమంతా ఒకరి మీద ఒకరు నిఘా పెట్టుకుంటూనే ఉంటారు, ఆ అపనమ్మకం మొదటి మాటలోనే ఉంది. ఇంతే రాయి, ఆరేడు వాక్యాలు. వ్యాసానికి ఇచ్చే 6 మార్కుల్లో 4 ఇలా మూలంలోంచి ఒక ముక్క చూపించి వివరించినందుకే, నీ వాదం ఏమిటో స్పష్టంగా చెప్పినందుకు ఇంకొకటి. కథ మొత్తం చెప్పినందుకు ఏమీ రాదు.

పేజీకి ఇరవై నిమిషాలు పట్టడం తప్పేం కాదు, అన్ని పేజీలకీ అంత పట్టడమే ఇబ్బంది. నాటకం వినడానికి రాసింది కాబట్టి ముందు ఆ సీను ఆడియోలో వింటూ చదువు, తెలియని మాట వస్తే పెన్సిల్‌తో గీత పెట్టి ముందుకెళ్లు, ఫోన్ ముట్టుకోకు. రెండోసారి ఒక్క పది లైన్లు పట్టుకుని అక్కడ ఎంతసేపైనా ఉండు. క్లాసుకి ఆ పది లైన్ల మీద ఒక్క ప్రశ్న రాసుకుని వెళ్లి మొదటి ఐదు నిమిషాల్లోనే అడిగెయ్, ఆలస్యం చేసినకొద్దీ చెయ్యి లేవదు.

పరీక్ష గురించి టెన్షన్ పడుతున్నావు కాబట్టి లెక్క చెప్తాను. మేలో మూడు గంటల పరీక్ష. గంటలో 55 బిట్లు, రెండు గంటల్లో 3 వ్యాసాలు. మొదటి రెండు వ్యాసాలకి కవిత, కథాభాగం పేపర్‌లోనే ఇస్తారు. మూడోదానికి పుస్తకం నువ్వే ఎంచుకోవచ్చు, దానికి మూడు పుస్తకాలు బాగా తెలిస్తే చాలు, ముప్పై అక్కర్లేదు. ఇంకో మాట, ఆ స్కోరు వచ్చేది జులైలో. కాలేజీలు సీటు ఇచ్చేది అంతకుముందే, ఏప్రిల్‌లోపు. అంటే పన్నెండో తరగతిలో నువ్వు రాసే ఈ పరీక్షలో ఐదుకి మూడు వచ్చినా, రెండు వచ్చినా వచ్చిన సీటు ఎక్కడికీ పోదు, మంచి స్కోరు వస్తే కాలేజీలో క్రెడిట్లు కలిసొస్తాయి, అంతే తేడా. క్లాసు గ్రేడు మాత్రం మరీ దిగజారనివ్వకు, చివరి మార్కుల షీటు కాలేజీలు చూస్తాయి. ఆరుకి రెండు వచ్చిన ఆ పేపర్ పట్టుకుని టీచర్ దగ్గరికెళ్లి, ఇందులో ఒక్క పేరా మళ్లీ రాసి చూపిస్తాను అని అడుగు. వద్దనే టీచర్‌ని నేను చూడలేదు.

అప్లికేషన్‌కి రాసే 650 మాటల వ్యాసం శనివారం పొద్దున పెట్టుకో, రాత్రి పూట ముట్టుకోకు. నీ వయసుకి ఎనిమిది నుంచి పది గంటల నిద్ర కావాలని వైద్యులు చెప్తున్నారు. రాత్రి ఒంటిగంటకి చదివిన షేక్స్పియర్ పొద్దున్నకి గుర్తుండదమ్మా, నా అనుభవం కూడా అదే. పదకొండుకి పుస్తకం మూసెయ్, సీను పూర్తి కాకపోయినా సరే.

అమ్మగారూ, మీరు ఈ పేజీ చదువుతారని అమ్మాయి రాసింది, కాబట్టి రెండు మాటలు మీకు. మీరు ‘వదిలెయ్’ అన్నది పిల్ల మీద జాలితోనే, నాకు తెలుసు. కానీ ఆ వయసులో అది ‘నీ వల్ల కాదు’ అని వినిపిస్తుంది. దాని బదులు చపాతీలు ఒత్తుతూ, ఇవాళ హామ్లెట్ ఏం చేశాడే, తెలుగులో చెప్పు అనండి. వాడు అలా ఎందుకు చేశాడు అని మధ్యలో ఒక్కసారి అడగండి చాలు. తెలుగులో చెప్పగలిగిన ఆలోచనని ఇంగ్లీషులో పెట్టడం ఆ పిల్లకి పెద్ద కష్టం కాదు.

ఇక నువ్వు చివర్లో రాసిన సంగతి, అమ్మలూ. కుళాయి తిప్పి ఏడ్చే దశకి వచ్చావంటే ఈ వారమే స్కూల్ కౌన్సెలర్‌ని కలువు, వాళ్లు ఉన్నది నీలాంటి పిల్లల కోసమే. ఎప్పుడైనా బతుకు మీదే విసుగు పుట్టేంత బరువుగా అనిపిస్తే అర్ధరాత్రైనా సరే అక్కడి హెల్ప్‌లైన్ 988కి ఫోన్ చెయ్యి, మాట్లాడలేకపోతే మెసేజ్ పెట్టు. ఇక్కడ మన దేశంలో చదువుకుంటూ ఇలాగే నలిగిపోతున్న పిల్లలకి 14416 హెల్ప్‌లైన్ ఉంది, తెలుగులో మాట్లాడతారు. ఏనుగు ఒంట్లో లావంతా పోయాక గానీ పిలవలేదు. నువ్వు అంతదాకా ఆగకు, ముందు అమ్మకి చెప్పు, కుళాయి కట్టేసి.

మళ్లీ రాసిన ఆ పేరా నాకూ పంపు. ఇంగ్లీషులోనైనా సరే, తెలుగులోనైనా సరే, చదువుతాను.